ప్లగ్గుకి వేసిన తాళం

పన్నెండింటికి వచ్చి కలవమన్న మనిషి పదకొండూ ఇరవై అయిదుకి చచ్చిపోయాడు.

నిన్న ఫోనులో అతనన్న మాటలు ఇంకా నా చెవిలోనే ఉన్నాయి. "ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను సార్. ఇంక నావల్ల కాదు. రేపు మధ్యాహ్నం రండి, అన్నీ చెప్పేస్తాను." ఆ 'అన్నీ' ఏమిటో నాకు సగం తెలుసు. నెల్లాళ్ళ కిందట ఈ వర్క్‌షాపులోనే ఇనుము అరగదీసే గ్రైండరు డిస్కు పగిలి ఒక హెల్పరు కుడికన్ను పోయింది. అతని భార్య నా దగ్గరికొచ్చి, కేసు ఒప్పుకునేదాకా గుమ్మం వదల్లేదు. ఆ పాడు డిస్కు ఎవరి చేతి నుంచి వచ్చిందో పెద్దమేస్త్రీకి తెలుసు. అది చెప్పడానికే నన్ను పిలిచాడు.

ఇప్పుడతను తన బెంచీ పక్కనే, నేలమీద, గోనెపట్టా కింద ఉన్నాడు. ముప్పై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు ప్రైవేటుగా కేసులు చూస్తున్నవాణ్ణి, శవాలు నాకు కొత్త కాదు. కానీ ఈ చావులో నా బద్ధకానికీ వాటా ఉంది. మోకాళ్ళ నొప్పులని బద్ధకించకుండా నిన్ననే వచ్చి ఉంటే ఆ మనిషి మాట నాకు దక్కేది, బహుశా ఆ మనిషే దక్కేవాడు. నామీద నాకే ఒళ్ళు మండింది.

"రండి గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. పదిహేనేళ్ళ కిందట నా కింద ఎస్సైగా పని నేర్చుకున్నవాడు. ఆ పిలుపులో గౌరవం పావలా, వెటకారం ముప్పావలా. "శ్రమపడి వచ్చారు గానీ, ఇక్కడ మీకేం మిగల్లేదు. తేలిపోయింది."

"ఏం తేలింది?"

"డిస్కు పగిలి ముక్క మెడలో దిగింది. డిస్కు నడిమధ్య చిన్న ఇనప రింగుంటుంది, దాని మీద గడువు తేదీ కొడతారు. చూశాను. రెండేళ్ళ కిందటే దాటిపోయింది. డిస్కుకి అడ్డుగా ఉండాల్సిన రేకు, గార్డు, మిషనుకి లేదు. మిషను ఇచ్చిందెవరు? స్టోరు చూసే మనిషి. పైగా నిన్న ఆవిడ అందరి ముందూ ఏమందో తెలుసా? 'గార్డు పీకేసి పనిచేస్తూ ఉండు, ఏదో ఒకరోజు ఆ డిస్కే నీ మెడ కొరుకుతుంది' అంది. తొమ్మిదిమంది విన్నారు."

"దాన్ని జాగ్రత్త చెప్పడం అంటారయ్యా."

"ఆ మాట జడ్జిగారికి చెప్పుకోమనండి. ఒంటిగంటన్నరకి వ్యాను వస్తుంది. ఎక్కించేస్తాను."

గోడ గడియారంలో పన్నెండూ పది. నాకున్నది గంటా ఇరవై నిమిషాలు.

స్టోరు చూసే ఆమెకి ముప్పై అయిదేళ్ళుంటాయి. తనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా స్టోరక్క అనే పిలుస్తారు. లోపల కుర్చీ ఉన్నా కూర్చోలేదు. శుభ్రంగా ఉన్న స్పానర్నే గుడ్డపెట్టి తుడుస్తోంది.

"పొద్దున్న మేస్త్రీకి ఏమిచ్చావమ్మా?"

"తొమ్మిదింటికి ఐదంగుళాల గ్రైండరు ఇచ్చాను సార్. కొత్త డిస్కు వేసి, గార్డు బిగించే ఇచ్చాను. ఆయన నా ఎదురుగానే డిస్కుని గోటితో మీటి చూసుకున్నాడు. పగులుంటే బొంగురుపోతుంది. బాగానే మోగింది. గార్డు మాత్రం బెంచీ దగ్గరికెళ్ళాక పీకేస్తాడు. 'నా చేతులకి కళ్ళున్నాయే' అనేవాడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

"మరి గడువు దాటిన డిస్కు ఎలా వచ్చింది?"

"నా స్టోరులోంచి రాలేదు." ఆ మాట దగ్గర గొంతు గట్టిపడింది. "ఆరు నెలల కిందట స్టోరు నా చేతికొచ్చిన రోజునే పాతవన్నీ ఏరి, ఒక్కొక్కటీ రెండుగా విరిచి పారేశాను. ఊరికే పారేస్తే ఎవడో ఒకడు ఏరుకొచ్చి వాడేస్తాడు. అందుకని విరిచాను."

"అంతకుముందు స్టోరు ఎవరు చూసేవారు?"

"సూపర్‌వైజరుగారు. యజమానిగారి బావమరిది."

నేను చుట్టూ చూశాను. చాలా స్టోర్లు చూశాను గానీ ఇలాంటిది చూడలేదు. గోడలనిండా చెక్కపలకలు. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంది. డ్రిల్లు తీస్తే డ్రిల్లు బొమ్మ, సుత్తి తీస్తే సుత్తి బొమ్మ మిగులుతుంది. తీసుకున్నవాడి నంబరున్న ఇత్తడి టోకెను ఆ ఖాళీలో మేకుకి వేలాడుతుంది. బ్యాటరీలు చార్జింగు నిండినవైతే ముఖం మనవైపు, అయిపోయినవైతే ముఖం గోడవైపు. పనివాళ్ళెవరూ లోపలికి రారు. కిటికీ దగ్గర నిలబడి అడగాలి. అదీ ఫలానా మిషను ఇవ్వమంటే కుదరదు. ఏం పనో చెప్పాలి, ఏ మిషను పట్టాలో ఆమె చెబుతుంది. గోడకి కన్నం పెట్టే డ్రిల్లుతో ఇనుముకి కన్నం పెడతానంటే ఆ పూటకి చివాట్లే.

"నేను జైలుకి పోతే ఈ స్టోరు మళ్ళీ ఆయన చేతికే పోతుంది సార్," అంది చిన్నగా. "మళ్ళీ అవే డిస్కులొస్తాయి. మళ్ళీ ఎవడిదో కన్నో, మెడో. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి నేనే పెంచి, ఈ పనిలోనే పెట్టాను. వాడూ ఆ మిషన్లే పట్టాలి."

"మీ తమ్ముడెక్కడ?"

"సైటులో. టీ అయ్యాక బయల్దేరాడు. ఇంకా ఈ సంగతి చెప్పలేదు. మూడో అంతస్తు బాల్కనీ అంచున నిలబడి వెల్డింగు చేస్తుంటాడు. పని నేర్పిన గురువు పోయాడని అక్కడ వింటే కాలు జారుతుందేమోనని భయం. కిందికి దిగాక చెబుదామని ఆగాను."

సూపర్‌వైజరు నాకోసం ఆఫీసులో కుర్చీ తుడిపించి మరీ ఉంచాడు. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతికి గ్రీజంటే ఎరగడు.

"ఆడమనిషికి పెత్తనం ఇవ్వొద్దు బావా అని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నాడు. "బొమ్మలు గీసుకోవడం తప్ప ఏం తెలుసు ఆవిడకి?"

"టీ టైము ఎప్పుడు?"

"పదకొండు నుంచి పావుగంట."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఫోను మాట్లాడుతున్నాను."

"మిగతావాళ్ళు?"

"వెనక రేకుల షెడ్డులో. ఆవిడా అక్కడే ఉంది."

అంటే ఆ పావుగంటా అందరూ ఒకళ్ళ కళ్ళెదుట ఒకళ్ళున్నారు, ఈయన తప్ప. ఆ సంగతి తనే చెప్పాడని గమనించలేదు పాపం.

"ఆఫీసులోంచి స్టోరులోకి తలుపుందే. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"ఆవిడ దగ్గరొకటి, నా దగ్గరొకటి. అయినా నాకు స్టోరుతో పనేముంది? వారం రోజులైంది అందులో కాలుపెట్టి."

"వారమా?"

"ఇంకా ఎక్కువే అయుంటుంది," అన్నాడు, గడియారం వైపు చూస్తూ. వ్యాను కోసం ఆత్రపడుతున్నాడనుకున్నాను.

బెంచీ దగ్గరికి వచ్చాను. గ్రైండరు నేలమీద పడి ఉంది. డిస్కు పోయినా నడిమధ్య ముక్క, దాని రింగూ నట్టు కింద అలాగే ఉన్నాయి. తేదీ ఇన్‌స్పెక్టరు చెప్పిందే. బెంచీ కింద పాతగుడ్డలో చుట్టిన గార్డు దొరికింది. స్టోరక్క అబద్ధం ఆడలేదు. మేస్త్రీ చేతులకి కళ్ళున్నాయేమో గానీ, మెడకి లేకపోయాయి.

వైరు పట్టుకుని ప్లగ్గు దాకా వెళ్ళాను. ప్లగ్గుకి జానెడు దూరంలో, నట్టు విప్పే స్పానరు ఇనపతీగతో వైరుకి బిగించి కట్టి ఉంది.

"ఇదేమిటమ్మా?"

"నేనే కట్టాను సార్, అన్ని గ్రైండర్లకీ. డిస్కు మార్చాలంటే స్పానరు కావాలి. స్పానరు మిషను దాకా రావాలంటే ప్లగ్గు పీకాలి. కరెంటు ఉండగా డిస్కు మార్చి వేళ్ళు పోగొట్టుకునేవాళ్ళు. ఇలా కట్టాక ఎంత బద్ధకస్తుడైనా పీకి తీరాల్సిందే."

"ఈ డబ్బా?" స్విచ్చుబోర్డు పక్కన గోడకి దిగ్గొట్టిన చిన్న ఇనప డబ్బాని చూపించాను.

"టీకి వెళ్ళేటప్పుడు ప్లగ్గు పీకి, స్పానరుతో సహా అందులో పెట్టి తాళం వేస్తారు. వైరు బయటికి రావడానికి సందుంది. లేకపోతే ఎవడో వచ్చి ఊరికే మిషను తిప్పుతాడు. మేస్త్రీ తాళంచెవి ఆయన మెడలోనే ఉంటుంది. రెండోది నా దగ్గర."

నేను మోకాలి నొప్పిని తిట్టుకుంటూ కింద కూర్చుని భూతద్దం తీశాను. నట్టు అంచున రెండు గాట్లున్నాయి. ఒకటి విప్పేవైపు, ఒకటి బిగించేవైపు. లోపలి ఇనుము తళతళలాడుతోంది. ఇవాళ్టి గాట్లే. ఉలి ఆనించి సుత్తితో కొట్టి విప్పారు, అలాగే కొట్టి బిగించారు.

"ఇలా రావయ్యా," అని ఇన్‌స్పెక్టర్ని పిలిచాను. "ఇది చూసి, ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. స్పానరు వైరుకే కట్టి ఉంటే ఉలితో ఎందుకు కొట్టారు?"

వంగి చూశాడు. "మోటుగా అలవాటై ఉంటుంది. మేస్త్రీయే కొట్టుకున్నాడేమో."

"మెడలో తాళంచెవి ఉన్నవాడు, పక్కనే స్పానరున్నవాడు ఉలెందుకు వెతుక్కుంటాడు?"

"అయితే ఆవిడే కొట్టింది."

"ఆవిడ దగ్గరా తాళంచెవి ఉంది. స్టోరులో ఉండగా మార్చాలనుకున్నా స్పానరు చేతిలోనే ఉంది. ఆలోచించు. ఆ స్పానరు ఎవరికీ అందకుండా పోయేది రోజు మొత్తంలో ఎప్పుడు? ప్లగ్గుతోపాటు డబ్బాలోకి పోయి తాళం పడ్డప్పుడు. పదకొండు నుంచి పదకొండుంపావు దాకా. ఆ పావుగంటలో, ఆ రెండు తాళంచెవులూ లేని మనిషి డిస్కు మార్చాడు. పెద్దమేస్త్రీ తాళాన్ని నమ్మాడు. టీ తాగొచ్చి, అదే సైజు డిస్కు ఉంది కదా అని మళ్ళీ మీటి చూసుకోలేదు. కానీ ఆ తాళం కాపాడేది ప్లగ్గుని. మిషను బెంచీమీద బయటే ఉంది."

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "గురువుగారూ, మీ దగ్గర ఉద్యోగం చేసేటప్పుడూ ఇంతే. నేను కట్టిన ప్రతి కేసునీ నలుగురి ముందూ విప్పేవారు. రెండు గాట్లు పట్టుకుని ఇది హత్యంటారు. ఉలేదీ? మనిషేడీ?"

"నీకు కేసు తొందరగా మూసేయాలనే జబ్బు అప్పుడే ఉండేది. నేను చెయ్యగలిగిన వైద్యం చేశాను, కుదరలేదు. పద, ఉలి చూపిస్తాను."

నిజానికి అది ఉంటుందో లేదో నాకూ తెలీదు. మొండిధైర్యం తప్ప ఇంకేం లేదు.

ఉలుల పలక స్టోరులో ఆఫీసు తలుపు పక్కనే ఉంది. ఇనుము కొట్టే ఉలులు ఆరు. ఆరు బొమ్మల్లోనూ ఆరూ ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

స్టోరక్క నవ్వలేదు. పలక ముందు నిలబడిపోయింది. "సార్, ఆ నాలుగోది నేను పెట్టింది కాదు."

"ఎలా చెప్పగలవు?"

"ఉలి పదునువైపు గోడకేసి ఉండాలి. తీసేటప్పుడు చెయ్యి తెగకూడదని నేను అలాగే తగిలిస్తాను. అయిదూ అలాగే ఉన్నాయి. దీని పదును మనవైపుంది."

"పనివాళ్ళెవరైనా తగిలించారేమో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ గొంతులో మునుపటి జోరు లేదు.

"వాళ్ళకి ఈ గోడ సంగతే తెలీదు సార్. కిటికీలోంచి అందుకుంటారు, కిటికీలోనే తిరిగిస్తారు. తీయడం, పెట్టడం నేనొక్కదాన్నే."

ఇన్‌స్పెక్టరు జేబురుమాలుతో ఉలిని తీసి వెలుతురులో తిప్పాడు. మూల దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది. బెంచీ దగ్గరికి నడిచి, తనే కింద కూర్చుని, ఉలిని నట్టుమీది గాటు పక్కన ఆనించి చూశాడు. గాటులోనూ అదే మూల, అంతే వెడల్పున మెరక మిగిలి ఉంది. లేచి నిలబడ్డాక నావైపు చూడలేదు. వాడి తప్పు వాడికి తెలిసినప్పుడు ఎప్పుడూ నావైపు చూడడు.

"సూపర్‌వైజర్ని పిలవండి," అన్నాడు కానిస్టేబులుతో.

అతను చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. "వ్యాను వచ్చిందా సార్?"

"స్టోరులోకి వెళ్ళి ఎన్నాళ్ళైందన్నారు?"

"చెప్పానుగా, వారం పైనే."

"ఇవాళ టీ టైములో స్టోరులోంచి ఈ ఉలి బయటికెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చింది. కిటికీ మూసి ఉంది. లోపలికి దారి ఆఫీసు తలుపొక్కటే. దానికి రెండు తాళంచెవులు. ఒకటి షెడ్డులో అందరి మధ్యా కూర్చున్న ఆవిడ దగ్గరుంది. రెండోది మీ జేబులో ఉంది."

"ఉలి ఎక్కడిదక్కడే ఉందిగా? బొమ్మలోనే పెట్టి ఉందిగా?" అన్నాడు గబగబా.

ఉలి దాని బొమ్మలోనే దొరికిందని అతనితో ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం వినడమే గానీ, ఇంత చక్కగా తడుముకోవడం నేను చూడలేదు. ఆమె పద్ధతినంతా వెక్కిరించినవాడు, పనిముట్టుని బొమ్మలో పెట్టేస్తే పద్ధతి పాటించినట్టే అనుకున్నాడు. పదును ఎటుండాలో తెలుసుకునేంత శ్రద్ధ ఎన్నడూ పెట్టలేదు.

"స్టోరు ఈమెకి అప్పగించేముందు పక్కకి తీసిన పాత డిస్కుల పెట్టె ఆఫీసులో ఎక్కడ దాచారు?" అని అడిగాను. "హెల్పరు కన్ను తీసింది ఆ పెట్టెలోని డిస్కే. అది మీరివ్వడం మేస్త్రీ చూశాడు. ఇవాళ నాకు చెప్పేవాడు. చెప్పకముందే చచ్చిపోయాడు, ఆ నేరం ఈమె మెడకి చుట్టుకుంటుంది. ఒకే డిస్కుతో రెండు పనులు."

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు అతని రెక్క పట్టుకున్నాడు. స్టోరక్క కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. ఇందాకట్నుంచీ ఆమె చేతిలో ఉన్న స్పానరు అప్పుడు కింద పెట్టింది.

నాకు మాత్రం స్థిమితం కలగలేదు. సూపర్‌వైజరు మళ్ళీ గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై. ఇందాక ఆమెని తీసుకుపోయే వ్యాను కోసం చూశాడనుకున్నాను. ఇప్పుడా వ్యాను ఎక్కబోయేది తను. దానికోసం ఎవరైనా ఎదురుచూస్తారా?

"ఒంటిగంటన్నరకి ఏముంది?" అన్నాను.

అతను గడియారం మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఒంటిగంటన్నరకి ఏం జరుగుతుంది?"

జవాబు వెనకనుంచి వచ్చింది. "సైటులో భోజనాలయ్యాక," అంటూ ఆగిపోయింది స్టోరక్క. "ముందు వెల్డింగు చేస్తారు. భోజనాలయ్యాక గ్రైండింగు మొదలుపెడతారు."

"ఎవరు?"

"నా తమ్ముడు. సార్, ఆ పెట్టె చూసింది మేస్త్రీ ఒక్కడే కాదు. నా తమ్ముడూ చూశాడు. నిన్న మేస్త్రీ ఈయన మొహం మీదే అన్నాట్ట, ఇద్దరం కలిసి చెబుతాం అని. మనకెందుకురా, నువ్వు నోరెత్తొద్దు అని రాత్రంతా వాడికి నూరిపోశాను. మీకూ దాచాను. ఆ బెంచీ ఇద్దరిదీ సార్. టీ టైములో వాడి మిషను కూడా దానిమీదే ఉంది. ప్లగ్గు డబ్బాలో పెట్టి, తాళం వేసి, పక్కనే."

ఇన్‌స్పెక్టరు సూపర్‌వైజర్ని గోడకేసి నొక్కాడు. "రెండోదానికీ మార్చావా? చెప్పరా!"

అతను కళ్ళు దించుకున్నాడు. అంతకంటే చెప్పేదేముంది?

స్టోరక్క ఫోను తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి కలిసింది. అందరికీ వినబడేలా పెట్టమన్నాను. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మోగుతోంది.

"పక్కన ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. రెయిలింగు పని, వాడొక్కడే." ఫోన్ని రెండు చేతులా పట్టుకుంది. "మిషను పట్టాడంటే చెవులకి మఫ్స్ పెట్టుకుంటాడు సార్. ఏదీ వినబడదు. చెవులు పోతాయని కొట్టి మరీ అలవాటు చేశాను."

అంటే ముందే మొదలుపెట్టేశాడు.

"ఎంత దూరం?" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు, అప్పటికే గుమ్మం దాటుతూ.

"పావుగంట."

నేను ఆమె భుజం పట్టుకున్నాను. ఏదో ఒక ఆశ ఇవ్వాలి కదా మనిషికి. "భయపడకమ్మా. నీ తమ్ముడు మేస్త్రీ లాంటివాడు కాదు, నీ మాట వింటాడు. గార్డుంటుంది. డిస్కు పగిలినా ముక్కలు దానికే తగులుతాయి."

ఆమె స్టోరులోకి నడిచి అడుగున ఉన్న సొరుగు లాగింది. గార్డులకోసం స్పాంజి కోసి పెట్టిన గుంటలు వరసగా ఉన్నాయి. మూడో గుంటలో గార్డు ఉంది. దాని మీద తమ్ముడి నంబరు తెల్లరంగుతో రాసి ఉంది. ఆమె చేతిరాతే.

"మూలలో గార్డు అడ్డం తగులుతోందక్కా, ఇవాళొక్కరోజుకి తీసేస్తానని బతిమాలాడు," అంది. "ఆరు నెలల్లో ఎవరికీ ఒప్పుకోలేదు సార్. వాడు నా తమ్ముడని ఒప్పుకున్నాను."

బయట జీపు స్టార్టయింది. ఆమె చేతిలో ఫోను మోగి మోగి ఆగిపోయింది, మళ్ళీ నొక్కింది.